కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలుస్తాడా: అంచనా పట్టిక కట్టిన డైరీ

ఇదే పట్టిక మీరూ కట్టుకోవాలనుకుంటే దశలవారీగా అన్నీ కింద ఉన్నాయి. కట్టుకోకపోయినా, ఎక్కడెక్కడ లెక్క తప్పిందో చూసుకుంటే మీ పనిలో ఆ గుంటల్లో పడరు. క్వార్టర్‌బ్యాక్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాసులు విసిరే ఆటగాడు, ఇకపై క్యూబీ అంటాం. ఎన్‌ఎఫ్‌ఎల్ అక్కడి ప్రొఫెషనల్ లీగ్.

కావలసినవి: స్ప్రెడ్‌షీట్, ఆర్ లేదా పైథాన్, ఎంపీవీ వీడియో ప్లేయర్, వీడియో ఫైలు వివరాలు చూపే ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్. ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేల డేటాకు ఎన్‌ఎఫ్‌ఎల్‌ఫాస్ట్‌ఆర్, కాలేజీ ప్లేల డేటాకు కాలేజ్‌ఫుట్‌బాల్‌డేటా ఏపీఐ. వీడియోకి టీవీ ప్రసారాలే దిక్కు. 22 మందీ ఫ్రేములో కనిపించే కోచ్‌ల ఫిల్మ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలకు డబ్బు కడితే దొరుకుతుంది, కాలేజీ ఆటలకు బయటివాళ్లకు దొరకదు. ఈ లోటు వల్లే కొన్ని కాలమ్‌లు పెట్టి మళ్లీ తీసేయాల్సి వచ్చింది.

దశ 1: పేర్ల జాబితా

2010 నుంచి 2021 దాకా డ్రాఫ్ట్ (ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండులో వెళ్లిన క్యూబీలు ఏడాదివారీగా: 2, 4, 4, 1, 3, 2, 3, 3, 5, 3, 4, 5. మొత్తం 39 మంది. 2021 తర్వాతివాళ్లను ఫలితాల జాబితాలో చేర్చలేదు. వాళ్ల కెరీర్ మీద తీర్పు చెప్పడానికి ఇంకా టైముంది.

మొదటి తప్పు ఇక్కడే దొర్లింది. కాలేజీ డేటానూ ఎన్‌ఎఫ్‌ఎల్ డేటానూ పేరుతో కలిపితే కొన్ని వరుసలు మాయమయ్యాయి, కొన్ని రెండేసి వచ్చాయి. మాయమైనవి తోకపేర్లవి: రాబర్ట్ గ్రిఫిన్ 3, పాట్రిక్ మహోమ్స్ 2 లాంటివి. ఒకచోట తోక ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ట్రుబిస్కీ ఒకచోట మిచ్, ఒకచోట మిచెల్.

రెండేసి వచ్చిన వరుస జాష్ ఆలెన్‌ది. వయోమింగ్ క్యూబీ జాష్ ఆలెన్ 2018 డ్రాఫ్ట్‌లో 7వ పిక్‌గా, అంటే ఏడో ఎంపికగా, బఫలోకి వెళ్లాడు. కెంటకీ డిఫెండర్ జాష్ ఆలెన్ 2019లో అదే 7వ పిక్‌గా జాక్సన్‌విల్‌కి వెళ్లాడు. పేరు, పిక్ నంబరు రెండూ కలిపి చూసినా ఇద్దరూ ఒకరే అనిపిస్తారు. 2021 నవంబరులో ఈ ఆలెన్ ఆ ఆలెన్‌ను సాక్ చేశాడు కూడా, అంటే బంతి విసిరేలోపే పడగొట్టాడు. ఆ ప్లే వర్ణనలో రెండు పేర్లూ ఒకటే. వర్ణన నుంచి పేరు లాగే కోడు ఎవరు రాసినా ముందు ఆ ఆట మీద పరీక్షించండి.

సరిచేసిన తీరు:
1. తోకపేర్లు, చుక్కలు, హైఫన్లు తీసేసి పేరును ఒక రూపానికి తేవడం.
2. పేరు, కాలేజీ, డ్రాఫ్ట్ ఏడాది, పొజిషన్ నాలుగూ కలిస్తేనే వరుసలను జతచేయడం.
3. జత కుదిరాక పేరును పక్కనపెట్టి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడి ఐడీ మీదే నడవడం.

ఇప్పటికి లెక్క: 39 పేర్లు, 39 ఐడీలు, డూప్లికేట్లు 0.

దశ 2: "నిలిచాడు" అంటే ఏమిటి

మొదట పెట్టుకున్న నిర్వచనం: తొలి మూడు సీజన్లలో జట్టు అతన్ని మొదటి క్యూబీగా ఆడించిందా లేదా. ఇది జోర్డాన్ లవ్ దగ్గర విరిగిపోయింది. 2020లో 26వ పిక్‌గా గ్రీన్‌బేకి వెళ్లి, ఆరన్ రాడ్జర్స్ వెనక మూడేళ్లు కూర్చున్నాడు. ఆ మూడేళ్లలో మొదటి నుంచి ఆడింది ఒక్క ఆట. పట్టిక అతనికి సున్నా వేసింది. నాలుగో ఏడు, 2023లో, పాసులతో 4,159 గజాలు, 32 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి చేసే స్కోర్లు).

అందుకని క్యాలెండర్ వదిలేసి డ్రాప్‌బ్యాక్‌లు లెక్కపెట్టాం. పాస్ వేద్దామని క్యూబీ వెనక్కి తగ్గిన ప్రతి ప్లే ఒక డ్రాప్‌బ్యాక్: విసిరినా, సాక్ అయినా, దారి లేక పరిగెత్తినా. తొలి 1,000 డ్రాప్‌బ్యాక్‌లలో ప్లే ఒక్కింటికి ఈపీఏ ఎంత అన్నదే కొలత అయింది. ఈపీఏ అంటే ఆ ప్లే వల్ల జట్టు చేస్తుందని అంచనా వేసే పాయింట్లు ఎంత పెరిగాయి, ఎంత తగ్గాయి అన్న లెక్క.

అదీ పూర్తిగా సరిపోలేదు. శామ్ డార్నాల్డ్ 2018లో 3వ పిక్. న్యూయార్క్ జెట్స్‌లో, తర్వాత కరోలినాలో నిలవలేకపోయాడు. 2024లో మిన్నెసోటాలో 14 గెలుపులు, 35 టచ్‌డౌన్లు. 2018లోనే 1వ పిక్ అయిన బేకర్ మేఫీల్డ్ క్లీవ్‌లాండ్ వదిలాక రెండు జట్లు మారి, టాంపాబేలో 2024లో 41 టచ్‌డౌన్లు వేశాడు. తొలి వెయ్యి ప్లేలతో వీళ్లిద్దరికీ తీర్పు చెబితే కెరీర్ సగం చూసి చెప్పినట్టే.

చివరికి ఒక్క లేబుల్ బదులు మూడు పెట్టాం: తొలి 1,000 డ్రాప్‌బ్యాక్‌ల ఈపీఏ, కెరీర్‌లో అత్యుత్తమమైన ఒక సీజన్, డ్రాఫ్ట్ చేసిన జట్టే రెండో కాంట్రాక్టు ఇచ్చిందా. మూడూ ఒకేవైపు చూపిస్తేనే "నిలిచాడు" లేదా "నిలవలేదు" అని రాస్తాం. మిగతావాళ్ల దగ్గర "మిశ్రమం". జనం ఎక్కువగా వాదించుకునేదీ ఈ గడిలో పడ్డవాళ్ల గురించే.

ఇక్కడే తీసేసిన కాలమ్: డ్రాఫ్ట్ పిక్ నంబరు. అది ఉన్నంతసేపూ మోడల్ దాన్నే పట్టుకుని వేలాడింది. పైన తీసుకున్నవాడికి అవకాశాలు ఎక్కువ ఇస్తారు, అవకాశాలు వచ్చినవాడికి అంకెలు వస్తాయి. మనం అడుగుతున్నది కాలేజీలో ఆడిన తీరు ఏం చెబుతోందని. స్కౌట్లు (ఆటగాళ్లను అంచనా వేసే జట్ల మనుషులు) ఏమనుకున్నారో మనకు ముందే తెలుసు.

దశ 3: స్కోర్‌కార్డు అంకెలు

సర్దిన సగటు గజాలు: పాసింగ్ గజాలకు టచ్‌డౌన్‌కు 20 చొప్పున కలిపి, ఇంటర్‌సెప్షన్‌కు (పాసును ప్రత్యర్థి పట్టేసుకోవడం) 45 చొప్పున తీసేసి, మొత్తాన్ని విసిరిన పాసుల సంఖ్యతో భాగించడం. కాలేజీలో చివరి సీజన్ లెక్కలు:

బేకర్ మేఫీల్డ్, ఓక్లహోమా, 2017: 404 పాసులు, 12.91
మ్యాక్ జోన్స్, అలబామా, 2020: 402 పాసులు, 12.79
జాక్ విల్సన్, బీవైయూ, 2020: 336 పాసులు, 12.55
జో బరో, ఎల్‌ఎస్‌యూ, 2019: 527 పాసులు, 12.53
పాట్రిక్ మహోమ్స్, టెక్సాస్ టెక్, 2016: 591 పాసులు, 9.17
మిచెల్ ట్రుబిస్కీ, నార్త్ కరోలినా, 2016: 447 పాసులు, 9.12
జాష్ ఆలెన్, వయోమింగ్, 2017: 270 పాసులు, 6.90

ఈ ఒక్క అంకె మీద పందెం కాసేవాళ్లు పట్టికను రెండుసార్లు చదవాలి. విల్సన్, బరో పక్కపక్కన ఉన్నారు. మహోమ్స్, ట్రుబిస్కీ మధ్య 0.05 తేడా. అట్టడుగున ఉన్నవాడు 2024 ఎంవీపీ, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు. మ్యాక్ జోన్స్ అంకెలో అదే ఏడాది కాలేజీ అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన రిసీవర్ (పాసులు పట్టే ఆటగాడు) డెవాంటా స్మిత్ ఉన్నాడు. బరో అంకెలో జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ ఉన్నారు. ఇది జట్టు అంకె. ఇందులోంచి క్యూబీ వాటాను విడదీయడమే మిగతా దశలన్నింటి పని.

ముందుగా లెక్కల్లోని చెత్త ఊడ్వాలి:

1. కాలేజీ గణాంకాల్లో సాక్‌లో పోయిన గజాలను పరుగుల ఖాతాలో కోస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్టు పాసింగ్ ఖాతాలో కోస్తారు. లామార్ జాక్సన్ 2017లో లూయివిల్‌లో పరిగెత్తిన 1,601 గజాలు సాక్‌లు పోగా మిగిలినవి, అసలు పరుగు అంతకన్నా ఎక్కువ. ప్లేల డేటాలో సాక్‌లను విడిగా ఏరి పాసింగ్ వైపు మార్చండి.
2. పాస్ వేద్దామని తగ్గి, దారి లేక పరిగెత్తిన ప్లేలు కాలేజీ వర్ణనల్లో మామూలు పరుగులుగానే నమోదవుతాయి. వీటిని వీడియో చూసి చేత్తో మార్చడం తప్ప దారి లేదు. మార్చకపోతే పరిగెత్తే క్యూబీల డ్రాప్‌బ్యాక్‌లు తక్కువగా, సాక్ శాతం తప్పుగా వస్తుంది.
3. గడియారం ఆపడానికి నేలకు కొట్టిన బంతీ, కావాలని బయటికి విసిరేసిన బంతీ రెండూ విఫలమైన పాసులుగానే లెక్కకొస్తాయి. గురి కొలిచేటప్పుడు రెండూ తీసేయాలి.
4. స్నాప్ (సెంటర్ అనే ఆటగాడు బంతిని క్యూబీకి అందించి ప్లే మొదలుపెట్టడం) అవగానే క్యూబీ ముందు నుంచి అడ్డంగా పరిగెత్తే ఆటగాడికి రెండడుగుల దూరం నుంచి బంతిని ముందుకు తోస్తారు. అదీ కంప్లీషనే (పట్టుకున్న పాసు). అలాంటివి ఆటకు మూడు నాలుగు ఉన్నా సీజన్ శాతం ఉబ్బిపోతుంది. తీసేయండి.
5. కాలేజీలో ఒక కాలు గీత లోపల పడితే క్యాచ్ చెల్లుతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలి. సైడ్‌లైన్ క్యాచ్‌లకు విడిగా టిక్ పెట్టి, రెండో కాలు పడిందో లేదో రాసుకోండి.

లైన్‌మెన్ (క్యూబీ ముందు నిలబడి డిఫెండర్లను ఆపేవాళ్లు) నిబంధన కూడా ఇలాంటిదే. పాస్ ప్లేలో లైన్‌మెన్ కాలేజీలో 3 గజాల దాకా ముందుకు వెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 గజమే. పరుగో పాసో స్నాప్ తర్వాత తేల్చుకునే ఆర్‌పీవో ప్లేలు కాలేజీలో అంత తేలిగ్గా నడవడానికి ఇదొక కారణం. ఆర్‌పీవోలకు వేరే కాలమ్ పెట్టాం. అందులో పాసులు ఎంత బాగున్నా ముఖ్య లెక్కలో కలపం.

దశ 4: ఎవరి మీద ఆడాడు

విల్సన్, బరో మధ్య తేడా ఈ దశలో బయటపడింది. 2020లో కోవిడ్ వల్ల పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీ లీగ్‌ల) జట్లతో ఉన్న ఆటలు రద్దై, బీవైయూ షెడ్యూలు కొత్తగా అల్లుకోవాల్సి వచ్చింది. రెగ్యులర్ సీజన్‌లో పవర్ ఫైవ్, అంటే అప్పటి ఐదు పెద్ద కాన్ఫరెన్సుల, జట్టు ఒక్కటీ లేదు. 2019లో ఎల్‌ఎస్‌యూ 15కి 15 గెలిచినప్పుడు ఓడినవాళ్లలో అలబామా, జార్జియా, ఓక్లహోమా, క్లెమ్సన్, ఫ్లోరిడా, ఆబర్న్, టెక్సాస్ ఉన్నాయి. బల్లపరుపు పిచ్‌ల మీద రంజీ సగటునూ, పెర్త్‌లో చేసిన పరుగులనూ ఒకే కాలమ్‌లో రాసినట్టుంటుంది ఈ రెండిటినీ పక్కపక్కన పెడితే.

మొదటి ప్రయత్నం: ప్రత్యర్థి డిఫెన్సు సగటును క్యూబీ సగటులోంచి తీసేయడం. తప్పింది. ఆ డిఫెన్సు సగటులో ఈ క్యూబీ ఆడిన ఆట కూడా ఉంది కదా, పైగా ఆ డిఫెన్సు ఎలాంటివాళ్ల మీద ఆడిందో లెక్కలో లేదు.

మార్పు: దాడి జట్టు, డిఫెన్సు, సొంత మైదానం మూడూ ఒకేసారి వేసి రిడ్జ్ రిగ్రెషన్ (ఒక్కోదాని వాటాను, అంకెలు అతిగా ఊగకుండా అదుపుచేస్తూ, విడదీసే లెక్క). దీనికి ముందు రెండు కోతలు: కింది శ్రేణి ఎఫ్‌సీఎస్ జట్లతో ఆటలు తీసేయడం (వయోమింగ్‌కు 2017లో గార్డ్‌నర్-వెబ్ లాంటివి), ఫలితం తేలిపోయాక ఆడిన ప్లేలు తీసేయడం. తేలిపోయింది అనడానికి మేం పెట్టుకున్న గీతలు: మొదటి క్వార్టర్‌లో 43 పాయింట్ల తేడా, రెండో దాంట్లో 37, మూడో దాంట్లో 27, నాలుగో దాంట్లో 22.

దశ 5: హాష్ గీతలు, అసలు దూరం

పట్టికలో అతి పెద్ద మార్పు ఇక్కడ వచ్చింది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులు. హాష్ గీతలు (ప్రతి ప్లేకూ ముందు బంతిని వీటి మధ్యనో వీటి మీదో పెట్టే రెండు గీతల వరసలు) మాత్రం వేరు. కాలేజీలో రెండు హాష్‌ల మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. అంటే కాలేజీలో బంతిని మైదానం అంచులకు బాగా దగ్గరగా పెడతారు: ఒకవైపు 60 అడుగులు, రెండోవైపు 100. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒకవైపు 70 అడుగుల 9 అంగుళాలు, రెండోవైపు 89 అడుగుల 3 అంగుళాలు.

మొదట గాలి గజాలనే దూరంగా రాసుకున్నాం. స్నాప్ గీత నుంచి క్యాచ్ దాకా నిలువుగా ఎన్ని గజాలు అన్నదే ఆ కొలత. అడ్డంగా ఎంత పోయిందో అది చెప్పదు. 12 గజాల అవుట్ రూటు తీసుకోండి. రిసీవర్ 12 గజాలు నిలువుగా వెళ్లి సైడ్‌లైన్ వైపు తిరుగుతాడు, గీతకు 2 గజాల లోపల పట్టుకుంటాడు. క్యూబీ హాష్‌కు సరిగ్గా ఎదురుగా, 7 గజాలు వెనక. నిలువు 19 గజాలు ఖాయం. అడ్డం కలిపి బంతి గాల్లో వెళ్లే దూరం:

కాలేజీ, దగ్గరి వైపు: 26.2 గజాలు
ఎన్‌ఎఫ్‌ఎల్, దగ్గరి వైపు: 28.8
ఎన్‌ఎఫ్‌ఎల్, దూరపు వైపు: 33.6
కాలేజీ, దూరపు వైపు: 36.6

డేటాలో నాలుగూ "12". ఒకడు దగ్గరి వైపు అవుట్‌లు పది వేసి ఎనిమిది పట్టించాడంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అంత తేలికైన అవుట్ అతనికి దొరకదు. దూరపు వైపు పదికి ఐదు పట్టించినవాడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కన్నా కష్టమైన పాసు వేస్తున్నాడు.

మూడు గజాల తేడా ఎంతో చూడండి. గంటకు 55 మైళ్ల వేగం అంటే సెకనుకు దాదాపు 26.9 గజాలు. గాలి నిరోధం పక్కనపెడితే 33.6 గజాలకు 1.25 సెకన్లు, 36.6 గజాలకు 1.36 సెకన్లు. ఆ 0.11 సెకనులో, సెకనుకు 8 గజాలు పరిగెత్తే కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ను కాపలా కాసే డిఫెండర్) దాదాపు గజం దూరం ముందుకొస్తాడు. గజం అంటే చేయి అడ్డం పెట్టేంత.

ప్రతి పాసుకూ రాయాల్సినవి:
1. స్నాప్ ఏ హాష్ మీద: ఎడమ, నడుమ, కుడి.
2. విసిరినప్పుడు క్యూబీ గీతకు ఎన్ని గజాలు వెనక.
3. క్యాచ్ పాయింటు ఎన్ని గజాల లోతు, దగ్గరి సైడ్‌లైన్‌కు ఎన్ని గజాలు. మైదానం మీది అంకెలు, హాష్‌లే కొలబద్ద.
4. అసలు దూరం స్ప్రెడ్‌షీట్ వర్గమూలంతో తీస్తుంది.

టీవీ కెమెరా కోణంలో అడ్డం కొలతకు ఒక గజం అటూఇటూ తప్పు ఉంటుంది. అందుకని 5 గజాల బుట్టల్లో వేస్తాం, దశాంశాలు నమ్మం.

దశ 6: స్నాప్ నుంచి విడుపు దాకా

మొదటి పొరపాటు ఫ్రేము వేగం. సెకనుకు 30 అనుకుని లెక్కపెడితే ఒక ఆటలో 144 ఫ్రేములు 4.8 సెకన్లు అయింది. పాకెట్‌లో (లైన్‌మెన్ క్యూబీ చుట్టూ కట్టే రక్షణ వలయంలో) అంతసేపు ఎవరూ నిలబడరు. ఆ ఫైలు 60 ఫ్రేములది, అసలు సమయం 2.4. ఈఎస్‌పీఎన్, ఫాక్స్ ప్రసారం 720పీలో సెకనుకు 60 ఫ్రేములు. దాన్నుంచి తీసిన క్లిప్పులు కొన్ని 30కి కుదించి ఉంటాయి. ప్రతి ఫైలునూ ముందు ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌తో చూసి, ఫ్రేము వేగాన్ని ఫైలు పేరులోనే రాసేయండి. 29.97కీ 30కీ తేడా మాత్రం పట్టించుకోనక్కర్లేదు: 75 ఫ్రేములకు 0.0025 సెకను.

రెండోది ప్లేయర్. వీఎల్‌సీలో ఒక్కో ఫ్రేము ముందుకే వెళ్తుంది. బంతి చేయి వదిలిన ఫ్రేము దాటిపోతే మళ్లీ మొదటి నుంచి. ఎంపీవీలో చుక్క నొక్కితే ముందుకు, కామా నొక్కితే వెనక్కి. ఇది మార్చాక పని సగానికి తగ్గింది.

విడుపు ఫ్రేము నిర్వచనం: బంతికీ వేళ్లకూ మధ్య వెలుతురు కనిపించిన మొదటి ఫ్రేము. స్నాప్ ఫ్రేము: సెంటర్ చేతిలో బంతి కదిలిన మొదటి ఫ్రేము. 30 ఫ్రేముల వీడియోలో రెండు చివరలా ఒక్కో ఫ్రేము తప్పుపోయినా 0.07 సెకను. అంతకన్నా చిన్న తేడాలను వాదనకు వాడకూడదు.

ప్రసారం రీప్లే చూపిస్తూ స్నాప్ అయ్యాక ఆటకొచ్చిన ప్లేలకు గడి ఖాళీ వదలాలి. సున్నా వేయకూడదు. మొదట సున్నాలు వేశాం, సగటు ఘోరంగా పడిపోయింది.

తీసేసిన కాలమ్: "రెండో రిసీవర్‌ను చూశాడా". టీవీ ఫ్రేములో సేఫ్టీలు (అందరికన్నా వెనక నిలబడే డిఫెండర్లు) కనిపించరు. హెల్మెట్ తిరిగింది కనబడినంత మాత్రాన చదివాడని కాదు, చూడమన్నచోట చూసి ఉండొచ్చు. కనబడనిదాన్ని ఊహించి అంకె వేయడం కన్నా కాలమ్ లేకపోవడమే మేలు.

టైము లెక్క: 2018 మొదటి రౌండు బృందంలోని ఐదుగురి (మేఫీల్డ్, జాక్సన్, డార్నాల్డ్, జాష్ రోజెన్, ఆలెన్) కాలేజీ చివరి సీజన్ పాసులు 404, 430, 480, 452, 270. మొత్తం 2,036. పాసుకు 3 నిమిషాలంటే దాదాపు 102 గంటలు. విడుపు ఫ్రేము కూడా కలిపితే పాసుకు 5 నిమిషాలు, దాదాపు 170 గంటలు. సాక్‌లు, పరుగులు ఇందులో లేవు. ఒక్కరే చేద్దామనుకుంటే ఒక్క క్యూబీతో మొదలుపెట్టండి.

దశ 7: గురి

కంప్లీషన్ శాతం రిసీవర్ చేతుల మీద కూడా ఆధారపడుతుంది. బదులుగా బంతి ఎక్కడికొచ్చిందో కొలుస్తాం.
2: పరుగు ఆపకుండా పట్టుకోవచ్చు.
1: పట్టుకోవచ్చు, కానీ ఆగాలి, వంగాలి, వెనక్కి తిరగాలి.
0: అందదు.
పట్టాడా వదిలాడా అన్నది వేరే కాలమ్. రిసీవర్ వదిలేసినా 2 అంటే 2.

ఇద్దరు విడివిడిగా 50 పాసులకు మార్కులు వేసి పోల్చుకోవాలి. 85 శాతం కలవకపోతే ముందుకు వెళ్లొద్దు. మా దగ్గర కలవనిది 1కీ 2కీ మధ్య కాదు, "ఒత్తిడి" కాలమ్‌లో. ఒకరు డిఫెండర్ దగ్గరికొస్తే ఒత్తిడి అన్నారు, ఇంకొకరు తగిలితేనే అన్నారు. చివరికి రాసుకున్న నిర్వచనం: విడుపుకు ముందు డిఫెండర్ చేయి చాస్తే అందేంత దగ్గరికి రావడం, లేదా క్యూబీ నిలబడ్డ చోటు మార్చుకోక తప్పకపోవడం. దీనితోపాటు ఒత్తిడి ఎవరివల్ల అన్నది కూడా రాయండి. మూడు సెకన్లు దాటి బంతి పట్టుకుని సాక్ అయితే అది లైన్‌మెన్ తప్పు కాదు. బంతి వదలకపోవడం క్యూబీ వెంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వస్తుంది, లైన్‌మెన్ రారు.

దశ 8: చిన్న సంఖ్యలు

మేఫీల్డ్ 404 పాసులకు 285, 70.5 శాతం. ఇంత పెద్ద సీజన్‌లో కూడా ప్రామాణిక దోషం (కేవలం యాదృచ్ఛికంగా అటూఇటూ అయ్యే తేడా) 2.3 శాతం పాయింట్లు. ఒత్తిడిలో 90 పాసులు ఉన్నవాడికి 5.3. 20 గజాలు దాటినవి 60 ఉన్నవాడికి 6.4. "ఒత్తిడిలో 48 శాతం, వాడికన్నా 4 ఎక్కువ" అనే మాటకు అర్థం లేదు.

అందుకని ప్రతి శాతాన్నీ సగటు వైపు లాగాం. ఎంచుకున్న సగటు 60 శాతం, బరువు 200 పాసులు. పట్టించిన పాసులకు 120 కలిపి, విసిరినవాటికి 200 కలిపి భాగించాలి.
మేఫీల్డ్ 2017: 70.5 నుంచి 67.1
ఆలెన్ 2017: 56.3 నుంచి 57.9
ఆంథనీ రిచర్డ్‌సన్, ఫ్లోరిడా 2022: 53.8 నుంచి 56.2

మోడల్ సంగతి: 11 కాలమ్‌లతో లాజిస్టిక్ రిగ్రెషన్ (నిలుస్తాడా లేదా అన్న సంభావ్యత కట్టే లెక్క) వేస్తే పాత డేటాలో అద్భుతంగా కుదిరింది, ఒక్కో ఏడాదిని దాచి పరీక్షిస్తే కుప్పకూలింది. 39 మందిలో మూడో వంతు నిలిచారనుకున్నా 13 మంది. ఒక్కో కాలమ్‌కు పదిమందైనా ఉండాలన్న పాత లెక్కలో అది ఒక్క కాలమ్‌కు సరిపోతుంది. మోడల్ తీసేశాం. ఇప్పుడు పట్టిక ఒక్క మార్కు ఇవ్వదు. ఒక్కో గుణానికి ఒక్కో శ్రేణి ఇస్తుంది.

దశ 9: శరీర కొలతలు

ఎత్తును స్కౌట్లు నాలుగంకెల్లో రాస్తారు: అడుగులు, అంగుళాలు, ఎనిమిదో వంతులు. బ్రైస్ యంగ్ 5101, అంటే 5 అడుగుల 10 అంగుళాల ఒక ఎనిమిదో వంతు. స్ప్రెడ్‌షీట్ దీన్ని మామూలు సంఖ్యగా తీసుకుని సగటు కట్టేస్తుంది. ముందే అంగుళాల్లోకి మార్చండి.

చేతి కొలత అంటే జాన, బొటనవేలి చివర నుంచి చిటికెనవేలి చివరకు. కెన్నీ పికెట్ జాన 2022 కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కు ముందు ఎన్‌ఎఫ్‌ఎల్ జరిపే పరీక్షల్లో) ఎనిమిదిన్నర అంగుళాలు, తర్వాత కాలేజీలోనే జరిగే ప్రో డే పరీక్షల్లో ఎనిమిదికి ఐదు ఎనిమిదో వంతులు ఎక్కువ. నెల తిరిగేలోపు చేయి పెరగదు, అది కొలత తప్పు. జాన మరీ చిన్నదైనవాళ్లు జాబితాలో దాదాపు లేరు కాబట్టి దీని ప్రభావం మా డేటాతో తేలదు. రాసి పెట్టుకున్నాం, లెక్కలో వాడట్లేదు.

దశ 10: 2018 బృందం మీద పరీక్ష

చివరి సీజన్ సర్దిన సగటు గజాలు: మేఫీల్డ్ 12.91, జాక్సన్ 8.72, డార్నాల్డ్ 8.50, రోజెన్ 8.46, ఆలెన్ 6.90. ఐదుగురిలో ఎంవీపీ అయినవాళ్లు జాక్సన్ (2019, 2023), ఆలెన్ (2024). రోజెన్‌ను అరిజోనా ఒక్క ఏడాదికే వదిలేసింది.

జాక్సన్‌ది సాక్‌లు వేరుచేసి, పరుగులను డ్రాప్‌బ్యాక్‌లలో కలిపితే పైకి వస్తుంది. ఆ తప్పు నిర్వచనంది, సరిదిద్దగలిగాం. ఆలెన్‌ది అలా కాదు. 2016లో 373 పాసులకు 8.28 ఉన్నవాడు 2017లో 6.90కి పడ్డాడు. మధ్యలో రన్నింగ్ బ్యాక్ బ్రయన్ హిల్, రిసీవర్ టానర్ జెంట్రీ వెళ్లిపోయారు. అది కొంతవరకే చెబుతుంది. రెండు సీజన్లు కలిపినా 643కి 361, 56.1 శాతం. బఫలోలో కంప్లీషన్ శాతం 2018లో 52.8, 2019లో 58.8, 2020లో 69.2. మూడో ఏటికి స్టెఫాన్ డిగ్స్ వచ్చాడు, విసిరే తీరు మీద ఆలెన్ ఆఫ్‌సీజన్లలో పనిచేశాడు. ఈ పెరుగుదల వయోమింగ్ ప్లేలలో ఎక్కడా లేదు. పట్టికకు అతను 2018లో ఎలా కనబడ్డాడో ఇప్పటికీ అలాగే కనబడుతున్నాడు.

అందుకని ఇప్పుడు 0 మార్కు వచ్చిన ప్రతి పాసుకూ కారణం రాసే కాలమ్ కలుపుతున్నాం:
1. పాదం: ముందు కాలు లక్ష్యానికి అడ్డంగానో బయటికో పడింది. విడుపుకు ముందు 6 ఫ్రేములు చూస్తే తెలుస్తుంది.
2. ఆలస్యం: రిసీవర్ తిరిగాక 10 ఫ్రేములు దాటి బంతి విడిచాడు.
3. ఎంపిక: విసరకూడని చోటికి విసిరాడు.
4. చేయి: పాదం, సమయం రెండూ సరిగ్గా ఉన్నాయి, బంతి మాత్రం వేరే చోటికి వెళ్లింది.

ఫ్రేముల అంకెలు 30 వేగానికి. 60 వీడియోకి రెట్టింపు చేయండి. పాదం గడిలో ఎక్కువ పడ్డవాడికీ చేయి గడిలో ఎక్కువ పడ్డవాడికీ శాతం ఒకటే అయినా శ్రేణి వేర్వేరుగా ఇస్తాం, పాదం వాడి పై అంచును ఇంకా పైకి జరుపుతాం. ఎంత జరపాలన్నది ఇంకా తేల్చలేదు. ఆలెన్ ఒక్కడి కోసం జరిపితే అది అతనికి కుట్టిన చొక్కా అవుతుంది. అందుకే ఆలెన్‌తో పాటు, కాలేజీలో అంత తక్కువ శాతం ఉండి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పెరగనివాళ్ల పాసులకూ ఇవే నాలుగు గడులు నింపాలి.

మిగిలిన పని: ఆలెన్ 2016 పాసులు 373 కలిపితే మొత్తం 2,409. పాసుకు 5 నిమిషాల చొప్పున దాదాపు 201 గంటలు. ముందు ఆలెన్ 643, ఆ తర్వాత రిచర్డ్‌సన్ 327.